పోర్చ్ నేలకి కాగితం ఏ వైపు?

షామ్‌బర్గ్, ఇల్లినాయ్
1981 సెప్టెంబర్ 20, ఆదివారం

(రాసి, పోస్టు చేయకుండా కుట్టుమిషను సొరుగులో పెట్టేసిన ఉత్తరం)

అన్నయ్యకి, రాణి నమస్కారాలు.

ఇక్కడ ఈయనా నేనూ బాగున్నాం. ఎడిసన్‌లో నువ్వూ, విజయశ్రీ వదినా, రేణూ బాగున్నారని అనుకుంటున్నాను. సోది లేకుండా అసలు సంగతి చెప్పేస్తాను. అన్నయ్యా, నేను డాన్స్ క్లాసు పెట్టాను.

ఈ ఒక్క వాక్యం రాసి, లేచి వెళ్ళి కాఫీ కలుపుకుని తాగి వచ్చాను. ఇరవై రెండేళ్ళ తర్వాత మళ్ళీ గజ్జెలు కట్టాను. జూన్‌లో మొదలుపెట్టాను. మన తెలుగువాళ్ళ ఆడపిల్లలు పన్నెండు మంది శనివారం పొద్దున్న పదింటికి వస్తారు. మా ఇంటి వెనకాల పోర్చ్ ఉంది కదా, ఇల్లు మాకు అమ్మినవాళ్ళు దాని చుట్టూ కిటికీలు బిగించి గదిలాగా చేశారు. అదే నా క్లాసు. వేసవంతా హాయిగా గడిచింది. ఇప్పుడు సెప్టెంబర్‌కే చెక్కనేల చల్లబడిపోయింది. దాని కింద మోకాళ్ళ ఎత్తు ఖాళీ ఉంది, గాలి అటునుంచి ఇటు దూసుకుపోతుంది. సాక్సులు వేసుకుంటే పిల్లలు జారి పడుతున్నారు, విప్పితే కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. మొన్న ఉషా వాళ్ళమ్మ చెప్పేసింది, "రాణీ గారూ, నేల వెచ్చగా లేకపోతే థాంక్స్‌గివింగ్ తర్వాత మా పిల్లని పంపించనండీ" అని. మిగతా తల్లులంతా ఆవిడ మాట కోసమే చూస్తున్నారు. ఈ క్లాసు పోతే మళ్ళీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. నాకు ముప్ఫై తొమ్మిదొచ్చాయి.

నువ్వేమో కోల్డ్ స్టోరేజీల ఇంజనీరువి. చలి గురించి నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అయినా నిన్ను అడగలేను. కిందటి ఉగాదికి మేం మీ ఊరొచ్చినప్పుడు, ఫంక్షన్‌లో ఎవరి పిల్లో స్టేజి ఎక్కగానే "ఆడపిల్లలకి ఈ గంతులేమిటయ్యా, నాలుగు లెక్కలు నేర్పండి" అని లేచి బయటికి వెళ్ళిపోయావు. నీ వెనకాలే పరిగెత్తుకొచ్చి నీ కోటు అందించింది నేనే. ఇంత వయసొచ్చాక కూడా నువ్వంటే ఈ భయమేమిటో నాకే తెలియదు.

వద్దులే. ఇంకో ఉత్తరం రాస్తాను.

నీ చెల్లెలు
రాణి

తా.క. గజ్జెల చప్పుడు విని, క్రిస్మస్ గంటలనుకుని పక్కింటి అమెరికనావిడ వచ్చి, మీకు క్రిస్మస్ జూలైలోనే వస్తుందా అని అడిగింది. అవునని చెప్పాను.


షామ్‌బర్గ్
1981 సెప్టెంబర్ 20

(పోస్టు చేసినది)

పూజ్యుడైన అన్నయ్యకి, చెల్లెలు రాధారాణి నమస్కరించి రాయడమేమంటే,

ఇక్కడ మేం క్షేమం. పుట్టుకలకీ చావులకీ తప్ప లాంగ్ డిస్టెన్స్ కాల్ చేయకూడదని నీ రూలు కదా, అందుకని ఉత్తరం రాస్తున్నాను. కిటికీలు బిగించిన మా వెనక పోర్చ్‌లో కరివేపాకు మొక్కలు పెంచుతున్నాను. ఇక్కడ కరివేపాకు ఎంత కరువో నీకు తెలుసు. చలికాలం వస్తే నేల చల్లదనానికి అవి చచ్చిపోతాయని బెంగగా ఉంది. నేల కింద ఇన్సులేషన్ ఎలా వేయాలో వివరంగా రాయగలవా? నవంబర్‌లోపు అయిపోవాలి.

నీ ఆశీస్సులు కోరే
రాణి

తా.క. చాలా సున్నితమైన మొక్కలు అన్నయ్యా. కాళ్ళు చల్లబడితే ఏడుపు మొదలుపెడతాయి. కాళ్ళంటే వేళ్ళు.


ఎడిసన్, న్యూజెర్సీ
1981 అక్టోబర్ 2

చి.ల.సౌ. రాణికి, అన్నయ్య జగన్మోహన్ దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. ఇన్సులేషన్ గురించి నన్ను అడగడం నీ జీవితంలో నువ్వు చేసిన మొదటి తెలివైన పని. మన తెలుగువాళ్ళు ఇక్కడ ఇళ్ళు కొంటారు, కార్పెట్ కొంటారు, కార్పెట్ కింద ఏముందో ఒక్కడూ చూడడు.

శ్రద్ధగా విను. హార్డ్‌వేర్ షాపులో గులాబీ రంగు ఫైబర్‌గ్లాస్ చుట్టలు అమ్ముతారు. దూది పరుపులాగా ఉంటుంది, ఒక వైపు గోధుమరంగు కాగితం అతికించి ఉంటుంది. నరసింహ బావ పోర్చ్ కిందకి దూరి, వెల్లకిలా పడుకుని, దూలానికీ దూలానికీ మధ్య దాన్ని ఇరికించి స్టేపుల్స్ కొట్టాలి. ఇప్పుడు అసలు కిటుకు. కాగితం వైపు బయటికి ఉండాలి. అంటే కిందికి, మట్టిని చూస్తూ ఉండాలి. కాగితం తేమని ఆపుతుంది. ఇరవై ఏళ్ళుగా కోల్డ్ స్టోరేజీలు కడుతున్నాను, బంగాళదుంపలకి కట్టాను, రొయ్యలకి కట్టాను, ఐస్‌క్రీముకి కట్టాను. ఎక్కడా కాగితం లోపలివైపు పెట్టిన పాపాన పోలేదు. సంచీ మీద ఏదో రాసి ఉంటుంది, అది చదవకండి. ఆ రాసినవాడికి నీ మొక్కల గురించి ఏం తెలుసు?

పని అయ్యాక రాయి.

ఆశీస్సులతో
అన్నయ్య

తా.క. బొమ్మ గీసి పెట్టాను. అందులో పడుకుని ఉన్నది బావ. పొట్ట నేను కావాలని పెద్దది గీయలేదు, పెన్సిలు జారింది.

తా.క. 2. మొత్తం ఎన్ని మొక్కలు?


షామ్‌బర్గ్
1981 అక్టోబర్ 18

అన్నయ్యకి నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే పని పూర్తయింది. రెండు వారాల శని, ఆదివారాలు పట్టాయి. ఈయన పొట్టి చేతుల బనీనుతో కిందకి దూరారు. ఫైబర్‌గ్లాస్ దురద పుట్టిస్తుందని నువ్వు రాయలేదు. నాలుగు రోజులు గోడలకి వీపు రుద్దుకుంటూ తిరిగారు. కాలేజీలో లెక్కల పాఠం చెబుతూ బ్లాక్‌బోర్డుకి రుద్దుకున్నారట, వెనక ఉన్న ఈక్వేషన్ మొత్తం కోటుకి అంటుకుపోయిందట.

ఒక చిన్న గొడవ కూడా జరిగింది. ఈయనకి ఏది దొరికినా చదివే అలవాటు కదా, సంచీ మీద రాసింది గట్టిగా చదివారు. కాగితం వైపు వేడి చేసే గది వైపుకి ఉండాలట, అంటే పైకి. "మా అన్నయ్య కిందికి అన్నాడు" అన్నాను. "ఇది తయారుచేసిన వాళ్ళకంటే మీ అన్నయ్యకి ఎక్కువ తెలుసా?" అన్నారు. "తెలుసు" అన్నాను. పాపం మళ్ళీ మాట్లాడకుండా కిందకి దూరారు. కిందికే పెట్టారు.

నీకు ఎంతో రుణపడ్డాను అన్నయ్యా. ఈ చలికాలం గట్టెక్కితే చాలు.

నీ
రాణి

తా.క. పన్నెండు.


ఎడిసన్
1981 నవంబర్ 15

చి.ల.సౌ. రాణికి దీవెనలు.

పన్నెండా! పన్నెండు కరివేపాకు మొక్కలా! ఇంత మాట పోస్టులో పంపేముందు అన్నయ్య గుండె సంగతి ఆలోచించాలా వద్దా?

ఎడిసన్ మొత్తంలో ఉన్నది ఒక్క మొక్క. అది జగదీష్ గారింట్లో ఉంది. ఒక్క రెబ్బ కావాలంటే వాళ్ళింటికి వెళ్ళి ఆయన నయాగరా స్లైడ్లన్నీ చూడాలి. నూట నలభై ఉన్నాయి, అన్నిట్లోనూ నీళ్ళే. ఆదివారం ఆయన లైట్లు ఆర్పబోతుంటే నేను లేచి నిలబడి, "మా చెల్లెలికి పన్నెండు మొక్కలున్నాయి" అన్నాను. జగదీష్ గారు మంచినీళ్ళు అడిగి తాగారు.

ఇప్పుడు నా పరపతి ఎక్కడికో వెళ్ళిపోయింది. న్యూ ఇయర్‌కి మన అసోసియేషన్ డిన్నర్ ఉంది, రెండు వందల మందికి పులిహోర. కరివేపాకు పూచీ నాది అని మాటిచ్చాను. మూడు గ్రోసరీ సంచులు నిండుగా కోసి క్రిస్మస్‌లోపు పంపించు. నువ్వు నా మాట నిలబెడతావని నాకు తెలుసు, చిన్నప్పటినుంచీ నేను చెప్పింది వినేదానివి నువ్వొక్కదానివే.

అన్నయ్య

తా.క. మొక్కల పక్కన నువ్వు నిలబడి ఒక ఫోటో తీయించి పంపు. నేను స్లైడ్ చేయిస్తాను.


షామ్‌బర్గ్
1981 డిసెంబర్ 13

అన్నయ్యకి నమస్కారాలు.

కవరులో కరివేపాకు పెట్టాను. కొంచెం తక్కువనిపించవచ్చు. ఇంకా లేత మొక్కలు, కోయడానికి చేయి రావడంలేదు. ఫోటో తీద్దామంటే కెమెరా పాడైంది.

అన్నయ్యా, ఇన్సులేషన్ ఊడిపోతోంది. నవంబర్ చివరికి ఒక మూల వేలాడింది. ఇప్పుడు మూడు చోట్ల ఊడింది. ముట్టుకుంటే పిండాల్సిన బట్టలాగా తడిగా ఉందట. నేల ముందుకంటే ఎక్కువ చల్లగా ఉంది. ఈయన మళ్ళీ దూరి స్టేపుల్స్ కొడతారు, శనివారం మధ్యాహ్నానికి మళ్ళీ ఊడతాయి. పోర్చ్ కొంచెం అదురుతుందిలే. అంతకంటే ఏమీ లేదు. త్వరగా ఏదైనా ఉపాయం రాయి.

రాణి

తా.క. ఈయన ఇప్పుడు దూరేటప్పుడు రెయిన్‌కోటు, ఈతకొట్టేవాళ్ళ కళ్ళద్దాలు వేసుకుంటున్నారు. పక్కింటావిడ ఈసారి ఏమీ అడగలేదు.

(ఇదే రోజు రాసి, కవరులోంచి తీసేసిన కాగితం)

అన్నయ్యా, ఉన్నది ఒకటే మొక్క. దానికి పదకొండు ఆకులు, పదకొండూ నీకే పంపాను. పన్నెండు మంది పిల్లల్లో ఇప్పుడు ఐదుగురే వస్తున్నారు. ఉషా బాగా చేస్తుంది, కానీ కాళ్ళు నీలంగా మారుతున్నాయి. నాకే సిగ్గుగా ఉంది. నిజం చెప్పి ఉంటే నువ్వు సరైన ఉపాయం చెప్పేవాడివేమో. చెబితే అసలేమీ చెప్పేవాడివి కాదేమో.


ఎడిసన్
1982 జనవరి 10

చి.ల.సౌ. రాణికి,

పదకొండు ఆకులు!

మూడు సంచులు అడిగితే పదకొండు ఆకులు పంపిన చెల్లెలు ప్రపంచంలో ఇంకెవరికైనా ఉంటుందా? డిన్నర్‌లో అందరి ముందూ కవరు విప్పాను. జగదీష్ గారు దగ్గరికొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, గట్టిగా లెక్కపెట్టారు. తర్వాత నా భుజం తట్టారు. ఆ తట్టడం నేను చచ్చేదాకా మర్చిపోను. రాజీ పడక తప్పలేదు, వచ్చే నెల ఆయన కొత్త స్లైడ్లకి వెళ్తున్నాను. గ్రాండ్ కాన్యన్.

అది అలా ఉంచు. నేను ఇంజనీరుని, నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తడి ఎక్కడిది? నువ్వు అతిగా నీళ్ళు పోస్తున్నావని మొదట అనుకున్నాను. కానీ అదురు? మొక్కలు అదరవు. శనివారాలు మాత్రమే అదరడం ఇంకా విడ్డూరం. రైలు అయితే రోజూ అదరాలి. జంతువు అయితే దానికి వారాలు తెలియవు. ఇక మిగిలింది ఒక్కటే.

రాణీ, బావ ఉద్యోగం పోయిందా? పోర్చ్‌లో పిండిమర పెట్టారా? అదురూ, తడీ, పిండి పులిసే వాసన బయటికి పోకుండా కిటికీలూ, ఫోటో పంపకపోవడం, అన్నీ సరిపోతున్నాయి. శనివారం గ్రైండింగ్, ఆదివారం ఇడ్లీ పిండి డెలివరీ. నా దగ్గర ఎందుకు దాస్తున్నావు? విజయశ్రీకి చెప్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా కంపెనీ రొయ్యల గిడ్డంగిలో బావకి పని చూస్తాను. లోపల మైనస్ టెన్ ఉంటుంది, కోటు వాళ్ళే ఇస్తారు.

మీ
అన్నయ్య

తా.క. బావా, సిగ్గుపడకండి. లెక్కలు వచ్చినవాళ్ళు రొయ్యల దగ్గర త్వరగా పైకి వస్తారు.


షామ్‌బర్గ్
1982 జనవరి 31

అన్నయ్యకి,

మర లేదు, గ్రైండర్ లేదు, ఇడ్లీ పిండి లేదు. ఈయన ఉద్యోగం నిక్షేపంలా ఉంది. నీ ఉత్తరం చదివినప్పటినుంచీ మనిషి రోజూ బూట్లు పాలిష్ చేసుకుని, టై కట్టుకుని, కాలేజీకి అరగంట ముందే వెళ్తున్నారు. దానికి నీకు థాంక్స్ చెప్పాలో తిట్టాలో తెలియడం లేదు.

వదినతో ఏడవద్దని చెప్పు. నువ్వు రావద్దు. పోర్చ్ సంగతి మర్చిపో. తలుపు వేసేసి, అందులో పాత సామాను పడేద్దామనుకుంటున్నాం. ఏప్రిల్ దాకా చూస్తాను, అంతే. కొన్నిటికి టైము ఉంటుంది అన్నయ్యా, నాకు అది దాటిపోయినట్టుంది. ఏమిటని అడగకు.

రాణి

తా.క. (నరసింహ చేతిరాత) బావగారికి నమస్కారం. రొయ్యలు వద్దు. మీ చెల్లెలు వారంనుంచీ సరిగ్గా అన్నం తినడంలేదు. వీలైతే ఆ నేల సంగతి చూడండి. నేను రాశానని తనకి చెప్పకండి. ఈ కవరు తనే అంటిస్తుంది కాబట్టి ఎలాగూ చదువుతుంది, అయినా చెప్పకండి.


ఎడిసన్
1982 ఏప్రిల్ 11

చి.ల.సౌ. రాణికి, అన్నయ్య రాసేది.

ఈ ఉత్తరం కూర్చుని చదువు. బావని పక్కన కూర్చోబెట్టుకో.

నేను మీ ఇంటికి వచ్చాను. ఏప్రిల్ మూడో తారీకు, శనివారం. చికాగోలో చేపల గిడ్డంగి చూడ్డానికి కంపెనీ పంపింది. శుక్రవారానికే పని అయిపోయింది. చెప్తే వద్దంటావని, చెప్పకుండా కారు అద్దెకి తీసుకుని వచ్చేశాను. బెల్లు కొట్టాను, ఎవరూ పలకలేదు. వెనక్కి వెళ్ళి చూద్దును కదా, మెట్ల దగ్గర నాలుగు జతల చిన్న బూట్లు. బావ మర దగ్గర చిన్నపిల్లల్ని పనికి పెట్టుకున్నాడా అని నిజంగా అనుకున్నాను. ముందు సాక్ష్యం చూద్దామని కోటూ టైతోనే పోర్చ్ కిందకి పాక్కుంటూ దూరాను.

అంతా బురద. నా ఇన్సులేషన్ సగం మట్టిలో పడి ఉంది, సగం వేలాడుతోంది. పిండితే నీళ్ళొచ్చాయి. నీళ్ళన్నీ కాగితం లోపలివైపు నిలబడి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. కోల్డ్ స్టోరేజీలో వెచ్చదనం బయట ఉంటుంది, అందుకని కాగితం బయటికి. ఇంట్లో వెచ్చదనం లోపల ఉంటుంది. సంచీ మీద రాసింది రైటు. బావ చదివింది రైటు. ఇరవై ఏళ్ళు లోపల చల్లగా ఉంచడమే పనిగా బతికినవాణ్ణి, ఇంట్లో మనుషులుంటారన్న సంగతి నాకు తట్టలేదు. నీ నేల చల్లగా ఉండటానికి కారణం చికాగో కాదు, నేను.

సరిగ్గా అప్పుడు నా నెత్తి మీద మొదలైంది. తాళానికి కొట్టే కట్టె చప్పుడు. తర్వాత నీ గొంతు, తాళం చెబుతూ. నాలుగు జతల కాళ్ళు, వాటితో ఇంకో జత. ఆ ఐదో జత ఎవరిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెనాలిలో మన పెరటి వసారాలో నువ్వు అడుగులు వేస్తుంటే, సెలవులకి వచ్చినప్పుడల్లా నేను పక్క గదిలో ఇంజనీరింగ్ చదువుకునేవాణ్ణి, ఆ చప్పుడు నాకు అంత బాగా తెలుసు. ఒక్కో అడుగుకి ఒక్కో స్టేపుల్ ఊడి నా మొహం మీద పడింది. అదురు ఎక్కడిదో తెలిసిపోయింది.

లేచి రావాల్సింది, రాలేదు. వెల్లకిలా పడుకుని, ఊడుతున్న ఇన్సులేషన్ రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకున్నాను. దానివల్ల నేల వెచ్చబడదని ఇంజనీరుగా నాకు తెలుసు. అయినా వదల్లేకపోయాను. గంటసేపు అలాగే ఉన్నాను. ఒక పిల్లి వచ్చి చూసి వెళ్ళిపోయింది.

మధ్యలో ఒక పిల్ల, "ఆంటీ, మై టోస్ ఆర్ నమ్, నేను కూర్చోవచ్చా?" అంది. నువ్వు ఉషా అని పిలిచి కూర్చోబెట్టావు. కాసేపాగి, "ఇవాళే ఆఖరి క్లాసమ్మా, వచ్చే వారంనుంచి లేదు" అన్నావు. పిల్లలు ఎందుకని గోల చేశారు. ఆ ఉషాయే అడిగింది, "ఆంటీ, మీరు స్మాల్ గర్ల్ అప్పుడు కూడా క్విట్ చేశారా?" అని. నువ్వు నవ్వావు. "మా మాస్టారు పెద్ద బృందం పెట్టుకున్నారమ్మా, నన్ను పిలవలేదు. నా అడుగు అంత బాగుండేది కాదేమో" అన్నావు.

రాణీ, మాస్టారు పిలిచారు.

యాభై తొమ్మిది మేలో పోస్టుమాన్ ఆయన నీకు రాసిన కార్డు నా చేతికిచ్చాడు. అప్పుడే నా పరీక్షలయ్యాయి. హాస్టల్లో ఒకడు అందరి ముందూ "మీ చెల్లెలు మొహానికి రంగేసుకుని గంతులేస్తుందటగా" అని నవ్వాడు. కారణం అంతే. అంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఇన్నేళ్ళూ నాలో నేను వెతుక్కున్నాను, ఏమీ లేదు. కార్డు దాచేశాను. ఆ వేసవంతా నువ్వు పోస్టు వేళకి గుమ్మంలో నిలబడేదానివి. నేను పక్కనే పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. జూలైలో నువ్వే గజ్జెలు తీసి అమ్మకి ఇచ్చేశావు. నాన్నగారు మాన్పించలేదు, మాస్టారు మాన్పించలేదు. ఆ తర్వాత స్టేజి మీద ఏ పిల్ల కనబడినా నేను లేచి వెళ్ళిపోయేది గంతులు నచ్చక కాదు.

కార్డు చింపలేకపోయాను. సర్టిఫికెట్ల ఫైలులో పెట్టాను, ఆ ఫైలుతోనే అమెరికా వచ్చింది. మాస్టారు డెబ్బై నాలుగులో పోయారు. ఆ కబురు తెలిసీ నీకు చెప్పలేదు.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే సరే అనేస్తావు, అది నాకు బాగా తెలుసు.

మే మొదటి శనివారం వస్తాను. తడిసింది మొత్తం పీకేసి, కొత్తది వేసి, కాగితం పైకి పెట్టి, కింద తీగల వల కూడా బిగిస్తాను. ఎన్ని కాళ్ళు అదిరించినా ఊడదు. మేలో నేల ఎలాగూ వెచ్చగానే ఉంటుందని నాకూ తెలుసు. నా సాయం ఎప్పుడూ ఇలాంటి టైముకే వస్తుంది. ఆ పన్నెండు మంది తల్లుల ఫోన్ నంబర్లు పంపు. ఒక్కొక్కరికీ నేనే చెప్తాను, లాంగ్ డిస్టెన్స్ అయినా సరే. వాళ్ళు మళ్ళీ పంపుతారో లేదో నేను చెప్పలేను. నువ్వు మళ్ళీ తలుపు తీస్తావో లేదో కూడా చెప్పలేను.

అన్నయ్య

తా.క. బురద కోటు చూసి విజయశ్రీ ఏమైందని అడిగింది. మొత్తం చెప్పాను. వారంనుంచీ నాతో మాట్లాడటం లేదు. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో పడేదాకా నా వెనకాలే నడిచొస్తానని రేణుతో చెప్పి పంపింది.

తా.క. 2. కార్డు ఇందులో పెట్టాను. నీ పేరు మీదే ఉంది.


విజయవాడ
18-5-1959

చి. రాధారాణికి ఆశీస్సులు.

మన బృందం కుదిరింది. జూన్ పదిహేనున మొదటి రిహార్సల్. ముఖ్యపాత్ర నీకని అట్టే పెట్టాను. నీ అడుగులో ఒక తూకం ఉంది, అది నేను నేర్పితే వచ్చింది కాదు. ఆడపిల్లవి, ఒంటరిగా రావద్దు. మీ అన్నయ్యగారు చదువుకున్నవారు, మర్యాదస్థులు. వారిని తోడు తీసుకుని రా, నేను వారితో మాట్లాడతాను. భోజనం, బస మా ఇంట్లోనే.

రావడం కుదరకపోతే ఒక్క కార్డు ముక్క రాయి. జవాబు రాకపోతే నీకు ఇష్టం లేదని అనుకుంటాను, ఏమీ నొచ్చుకోను. పదిహేను రోజులు చూసి వేరే అమ్మాయిని తీసుకుంటాను.

శుభం కోరే
మాస్టారు

తా.క. పదిహేను కాదు, నెల రోజులు చూస్తాను.